పదిమందికి ఒక సూది

హౌరాలో రైలు దిగేసరికి ఉదయం ఐదూ నలభై. జూన్ నెల. వాన లేదు, గాలి లేదు. ట్రంకుపెట్టె, బెడ్డింగు, కిట్‌బ్యాగు. బ్రిడ్జి దాటేలోపే చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గార్డెన్ రీచ్ దగ్గర మా డిటాచ్‌మెంట్. మూడేళ్ల పోస్టింగు, ఆ తర్వాత పింఛను. నేను నర్సింగ్ అసిస్టెంటుని. అంటే డాక్టరు లేనిచోట జవాన్లకు సూదీ కట్టూ నేనే.

జీపు తెచ్చిన డ్రైవరు పాతవాడే. సోంపేట మనిషి. మంచుకొండల్లో నాతో ఒకే బంకరులో ఉన్నాడు.

"ఏటన్నా, ఇలగ సిక్కిపోనావు?" అన్నాడు.

ఎండ అన్నాను. నిజానికి ఏడాదిగా నీరసం. రెండు మెట్లెక్కితే కూర్చోవాలి. వైద్యం తెలిసినవాడికి సొంత ఒళ్లంటే లోకువ.

ఆగస్టులో రక్తదాన శిబిరం. ఎప్పటిలాగే మొదటి మంచం నాదే. తొమ్మిదో రోజు పిలుపొచ్చింది. ఇంకో నాలుగు పరీక్షలు చేసి, బెంగాలీ డాక్టరమ్మ కాగితం నా ముందు పెట్టింది.

"హెపటైటిస్ సి. దానం చేసిన రక్తానికి ఈ పరీక్ష ఈమధ్యే మొదలైంది, అందుకే ఇన్నాళ్లూ దొరకలేదు. చాలా ఏళ్ల కిందటిది. లివర్ గట్టిపడుతోంది. దాదా, ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? ఆపరేషన్?"

"లేదు."

"సూదులు?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

చాలా ఏళ్ల కిందట ఆ మంచుకొండల్లో ఓ మధ్యాహ్నం రెండున్నరకి రేడియోలో ఆర్డరు. "నాలుగింటికి బండ్లు కదలాలి. టీకాలు పూర్తి చెయ్. ఓవర్." అరవైమంది. ఆరు సూదులు, ఒక స్టవ్వు. కిరోసిన్ అడుగంటింది. మనిషి మనిషికీ సూది మరిగిస్తూ కూర్చుంటే బండ్లు ఆగవు. పదిమందికొకటి అనుకున్నాను. మధ్యలో స్పిరిట్‌తో తుడిచాను. తుపాకీకి బెదరనివాడు కూడా సూదంటే వణుకుతాడు, అందుకని మొదటిది అందరి ముందూ నేనే పొడుచుకునేవాణ్ణి. ప్రతి శిబిరంలోనూ అంతే. అదో గొప్ప నాకు. అదే సూదితో నా వెనక తొమ్మిదిమంది. నా తర్వాతివాడు ఈ డ్రైవరే.

వాడిన సూదులు నా వేళ్లకు ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో లెక్కలేదు. నాకప్పటికే ఆ జబ్బు ఉంటే, వాడికిచ్చింది నేనే.

ఆ వారం ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. బస్సులొచ్చినా ఎక్కకుండా ఏక్‌బాల్‌పూర్ నుంచి భవానీపూర్ దాకా నడిచేవాణ్ణి, మళ్లీ వెనక్కి. చెప్పాలా? వాడికి భార్య, చంటిపిల్ల ఉన్నారు. చెప్పకపోతే వాడు కూడా నాలాగే ఆలస్యంగా తెలుసుకుంటాడు. నామీద నాకే అసహ్యం వేసింది. ఆదివారం పదింటికి గ్యారేజీలో చెప్పేశాను.

జాకీ వదిలేసి లేచాడు. "నాకేటీ నేదన్నా. బండరాయి నాగున్నాను."

"నానూ అలగే అనుకున్నాన్రా. పరీక్ష సేయించుకో."

"నీ సేత్తోనే కదా..." అని ఆపేశాడు. తర్వాత జీపు తాళాలు తీసుకున్నాడు.

వాడికీ ఉందని తేలింది. లివర్ ఇంకా పాడవలేదు, అదొక్కటే ఊరట. ఇంట్లోవాళ్లకు లేదు. మా ఇద్దరికీ వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మిగతా ఎనిమిదిమందికి ఉత్తరాలు రాశాను, తప్పు నాదేనని దాచకుండా. ఐదుగురు జవాబిచ్చారు.

మూడేళ్లు నిండాక విజయనగరంలో దిగాను. వీధిలో వాళ్లు మంచు గురించీ కాల్పుల గురించీ అడుగుతారు. చెబుతాను. చెబుతున్నంతసేపూ నాకు కనిపించేది మాత్రం ఆ ఆదివారం భవానీపూర్‌లో ఒక ల్యాబు. డ్రైవరు చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. అక్కడి అమ్మాయి సూది ప్యాకెట్టు చింపింది.

"ఇది ఒక్కరికేనా?" అని హిందీలో అడిగాడు.

"అవును దాదా, ఒక్కరికే."

అప్పుడు వాడు తల తిప్పి నా వైపు చూశాడు.