లెక్కల సారు గీసిన సున్న

ఎల్లారెడ్డి ఊరి దగ్గరి అడవి బంగ్లాలో నేను వంట చేసే రోజుల్లో, జంతువులను లెక్కపెట్టడం నేర్పడానికి ఒక సారు కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేవాడు. శిక్షణకు వచ్చినవాళ్లు పొద్దున్నే అడవిలో తిరిగొచ్చి చెప్పిన లెక్కను నల్లబల్ల మీద గబగబా రాసేవాడు. ఏమీ కనిపించలేదంటే మాత్రం, వాకిట్లో ముగ్గు పెట్టినంత నింపాదిగా సున్న గీసేవాడు.

ఒక ఏడు ఒక్క జింకా కనిపించలేదు. జింకలు లేవని తేలితే ఆ శిక్షణ శిబిరం ఇక ఇక్కడ పెట్టరని, నాకు పని ఉండదని అందరికీ తెలుసు.

"నాలుగని రాద్దాం సార్. ఊరోళ్లు చూసిన్రట" అన్నాడు ఒకతను.

"నువ్వు చూసినవా?"

"లేదు సార్."

"మరింకేంది? కనిపియ్యలేదన్నది గూడ లెక్కనే" అని సున్న గీశాడు సారు. తర్వాత వంటింటి గడప దగ్గర నిలబడి, "అక్కా, నా సున్నతోని నీ పని పోతదేమో" అన్నాడు.

"లేని జింకలతోని నా పొయ్యి ఎన్ని దినాలు మండుతది సారు? చాయ్ తాగు" అన్నాను.

శిబిరం మళ్లీ రాలేదు. చాలా ఏళ్లకు, పెద్దలకు అక్షరాలు నేర్పే బడిలో పలక ఇచ్చి, వచ్చింది ఏదైనా రాయమన్నారు. నింపాదిగా ఒక సున్న గీశాను.