జయశీల ఉప్పుటేటి లెక్క

జయశీల మద్రాసులో ఎమ్మెస్సీ గణితం రెండో ఏడు చదువుతుండగా, 1965లో, వాళ్లకు కొత్తగా ఒక పేపరు పెట్టారు. మామూలు పద్ధతుల్లో తేలని సమీకరణాలను అంకెలుగా మార్చి కంప్యూటరు చేత లెక్క కట్టించడమే ఆ పేపరు. విద్యార్థులు తలా ఒక సమస్య ఎంచుకోవాలి. జయశీల తన ఊరి ఉప్పుటేరును ఎంచుకుంది. తోటపల్లి గూడూరు దాటాక సముద్రపు పోటు ఆ ఏట్లోకి ఎక్కుతుంది, పాటుకు వెనక్కి జారుతుంది. ఏ సమయానికి ఎక్కడ ఎంత నీరుంటుందో చెప్పాలన్నది ఆమె లెక్క.

కంప్యూటరు వేరే కళాశాలలో ఉండేది. తన లెక్కను అట్టల మీద చిల్లులుగా పొడిపించి ఇచ్చి, తన వంతు కోసం వారాల తరబడి కాచుకుంది. చివరికి చేతికొచ్చిన కాగితం చూసి నిర్ఘాంతపోయింది. మొదటి వరుసల్లో నీరు మోకాటిలోతున బుద్ధిగానే ఉంది. కిందికి వచ్చేసరికి కొండంత ఎత్తు లేచి, ఆ పక్కనే పాతాళానికి పడిపోయింది.

ఆచార్యులు కాగితం తిరగేసి చూశారు. "పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఏదైనా తేలిక లెక్క తీసుకోమ్మా. ఇందులో మార్కులు పోగొట్టుకోకు."

ఆమె సరేనని తలూపింది గాని, సెలవులకు ఇంటికి వస్తూ ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టుకునే వచ్చింది.

తండ్రి అబ్రహాము మిషను బడిలో పంతులు. "ఆ కంప్యూటరు తప్పు చేస్తాదా పాపా?" అని అడిగాడు.

"అది చెప్పినట్టే చేస్తాది నాన్నా. నేనే ఏదో తప్పు చెప్పినట్టుండాను. చేత్తో కట్టి చూస్తే గాని తెలవదు."

మరునాడు వసారాలో చాప పరిచి ముగ్గురూ కూర్చున్నారు. అబ్రహాము గుణకారాలు చేశాడు. తల్లి ఎలిశబెతు కూడికలు చేసింది. జయశీల అంకెలను గళ్లలో వరుసలుగా రాసుకుంటూ పోయింది; ఒక్కో గడి ఏట్లో ఒక్కో చోటు, ఒక్కో వరుస ఒక్కో సమయం. ఎండ గడపలోకి వచ్చేసరికి ఒక గడిలో అంకె కాస్త పెరిగింది, పక్క గడిలో తగ్గింది. తర్వాతి వరుసలో అదే తారుమారై, మరింత పెద్దదైంది.

ఎలిశబెతు పెన్సిలు కింద పెట్టేసింది. "నేనేమన్నా తప్పు కూడినానేమో చూడవే."

జయశీల ఆ కూడికలను మళ్లీ చేసింది. తండ్రి గుణకారాలూ చూసింది. ఎక్కడా తప్పు లేదు. ముగ్గురూ సరిగ్గా చేస్తూ పోతుంటే తప్పు దానంతటదే పెరుగుతోంది. అందరూ నిజాయితీగా పనిచేసినా చెడిపోయే పని ఒకటి ఉంటుందని అంతవరకు ఆమెకు తోచలేదు.

ఆ గళ్ల మీద వేలు పెట్టి ఒక్కో వరుసా మళ్లీ చదువుకుంది. ఆ తర్వాత మెల్లగా అంది: "వరుసకూ వరుసకూ మధ్య కాలంలో వేసిన అంగ పెద్దదైపోయింది నాన్నా. అల ఈ గడి నుంచి పక్క గడికి పోయేదానికి పట్టే కాలం కంటే పెద్ద అంగ వేసినాను. మధ్యలో ఏం జరిగిందో లెక్కకు తెలవడం లేదు."

"అయితే చిన్న అంగలు వెయ్యి," అన్నాడు అబ్రహాము.

"వేస్తే పని ఎక్కువైపోతాది. కంప్యూటరు మీద నాకిచ్చే టైము చాలదు."

చాలలేదు కూడా. మద్రాసు వెళ్లి అంగలు తగ్గించి మళ్లీ కట్టిస్తే నీరు ఒద్దికగా ఎక్కింది గాని, పోటు సగంలో ఉండగానే ఆమె వంతు అయిపోయింది. ఆ సగాన్నే సమర్పించింది. మొదటిసారి ఎందుకు చెడిందో నాలుగు పేజీలు రాసి జతపరిచింది. ఆచార్యులు ఆ పేజీలు చదివి, "తేలిక లెక్క తీసుకోమన్నది నా తొందరపాటు," అన్నారు. అయినా సగం లెక్కకు సగం మార్కులే వచ్చాయి. ఫస్టు క్లాసు తప్పింది.

కాలేజీ ఉద్యోగం దొరకలేదు. రేవులు కట్టే ఇంజనీర్ల ఆఫీసులో లెక్కలు కట్టే పనికి కుదిరింది. అలలు దాటి రాకుండా రేవు గోడ ఎంత ఎత్తు లేపాలని వాళ్లు అడిగితే జవాబు చెప్పి, ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో కూడా కింద రాసి ఇచ్చేది. ఒక పెద్ద ఇంజనీరు ఒకసారి విసుక్కున్నాడు: "ఒక అంకె చెప్పమ్మా, చాలు."

"చెప్పినాను గదండీ," అంది జయశీల. "కింద రాసింది కూడా జవాబులో భాగమే."

ఆయన ఆ కింద రాసింది చదివి, గోడను మరో మూరెడు పెంచమని రాసుకున్నాడు.