డీజిల్ అయిపోయిందన్నాను

సాయంత్రం నుంచి నాకు అన్నం సయించడం లేదు. బడిపంతులిని; ఆదివారం బడి ఉండదు కాబట్టి, వడమాలపేట దగ్గర వికలాంగులంతా కలిసి సాగు చేసుకునే తోటకు సాయానికి వెళ్తుంటాను. అక్కడ వేరుశనగకు నీళ్ళు కట్టేది మునిరత్నం. పుట్టుకతోనే చూపు లేదు. మడిలో నిలబడి, నీళ్ళు చీలమండ దాకా రాగానే పారతో కట్ట తెంచి పక్క మడికి తిప్పుతాడు. ఒక్క చుక్క వృథా పోదు.

ఈ రోజు మూడో మడి సగం తడిసేసరికి కాలవలో నీళ్ళు సన్నబడి ఆగిపోయాయి. పరుగెత్తి బావిలోకి తొంగి చూశాను. అడుగున బండ తేలింది. ఇంకా పదకొండు మళ్ళున్నాయి, పైరేమో ఊడలు నేలలోకి దిగే అదనులో ఉంది, ఇప్పుడు తడి లేకపోతే కాయ పట్టదు. మాకున్నది ఆ ఒక్క బావే.

"నీళ్ళు యాడ అయివారా?" అని మడిలోంచి అడిగాడు మునిరత్నం.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "డీజిల్ అయిపోయిందప్పా" అన్నాను.

అతను పారను కట్ట మీద గుచ్చాడు.

"డీజిల్ అయిపోతే ఇంజన్ యాల కొట్టుకుంటా ఉండాది? నాకు లేనివి కండ్లు గదా అయివారా, సెవులు కాదే."

నా వెనకాలే ఇంజన్ డబడబమంటూనే ఉంది. వెళ్ళి ఆపేశాను.

అబద్ధమాడరాదని పిల్లలకు రోజూ చెప్పే నాకు, అవసరమైన రోజున ఒక్క అబద్ధం సరిగా ఆడడం చేతకాలేదు. మీరైతే ఏం చెప్పేవారు?

నేను బస్సుకు బయల్దేరేటప్పుడు కూడా అతను మడిలోనే ఉన్నాడు. గట్టుకు రమ్మని పిలిచాను.

"బురద ఇంగా సల్లంగా ఉండాది. ఆరిందాకా ఈడే ఉంటా" అన్నాడు.