వానొస్తేనే సంతకం

రాజమండ్రిలో వాన మొదలైతే జనం చూరు కిందికి పరిగెడతారు. మా గున్నేశ్వరరావు గారు మాత్రం సైకిలు బయటికి తీసేవారు.

ఇల్లు తాకట్టు పెట్టి మరమ్మతుకు అప్పు తీసుకున్నవాళ్లకు మా సహకార సంఘం ఆఖరి వాయిదా ఇవ్వాలంటే, పని పూర్తయిందని ఆయన సంతకం పెట్టాలి. ఆయన రిటైరైన ఓవర్సీరు. నేను ఫారాలు మోసే గుమాస్తాను.

"ఎండలో ఏ కప్పు కారుతుందోయ్? వాన పడుతుండగా చూడాలి" అనేవారు. వానలో వెళ్లి, ఇంటి నడిమధ్య పీట వేయించుకుని, తల పైకెత్తి అరగంట కూర్చునేవారు. చుక్క పడిందా, సంతకం లేదు. కాఫీ ఇచ్చినా ముట్టుకునేవారు కాదు, అది కూడా లంచమేనట! ఆ నిజాయితీ నాకు ముచ్చటే గానీ, ఆయన వెంట తడిసి నాకు పట్టిన జలుబులకు లెక్కలేదు.

ఎనభై రెండులో తొలకరి మొహం చాటేసింది. కడియం మిషను బడి టీచరు జ్ఞానమ్మ గారు వంటింటికి కొత్త పెంకులు వేయించి, మే నెలలోనే ఆఫీసుకొచ్చారు.

"పనైపోయిందండీ. మీరొకసారి వచ్చి చూస్తే, ఆ డబ్బులు పెంకుల కొట్లో కట్టేస్తానండి. అరువుకి తెచ్చానండి."

"వాన పడనివ్వండి, టీచరు గారూ."

"పోనీ, నాలుగు బిందెలు నీళ్లు పోయించి చూపించమంటారాండీ?"

"బిందె నీళ్లు తిన్నగా పడతాయమ్మా. వాన గాలితో ఏటవాలుగా కొడుతుంది. పెంకు సంగతి అప్పుడు తెలుస్తుంది."

జూన్‌లో ఆవిడ రెండుసార్లు వచ్చారు. ఆయన కిటికీలోంచి ఆకాశం చూసి తల అడ్డంగా ఊపారు. నాకు ఒళ్లు మండి ఫారం ఆయన ముందుకు తోశాను. ఆయన వెనక్కి తోశారు. అంత మొండిఘటం.

జూలై రెండో వారంలో, ఒక మధ్యాహ్నం కుండపోత. ఆయన పెళ్లికి బయల్దేరినంత హుషారుగా సైకిలెక్కారు. నేనూ నా సైకిలెక్కాను, తప్పుతుందా! కడియం చేరేసరికి దారి పొడుగునా నర్సరీల్లో మొక్కలు తలంటు పోసుకుంటున్నాయి.

తలుపు తీసిన జ్ఞానమ్మ గారు ఇంట్లోనే గొడుగు పట్టుకుని ఉన్నారు. వెనక వంటింటి మీద ఒక్క పెంకు లేదు, వాసాలే. పొయ్యి నిండా నీళ్లు. బియ్యం డబ్బా ముందుగదిలో మంచమెక్కింది.

"పెంకులేవమ్మా?" అన్నారాయన.

"బాకీ కట్టలేదని కొట్టువాళ్లు పోయిన వారం విప్పుకుపోయారండి. వాళ్లు మాత్రం ఎన్నాళ్లని ఆగుతారండి?" ఆవిడ గొంతులో కోపం లేదు. గొడుగు ఆయన మీదికి జరిపారు. "మీరు వానలో అరగంట కూర్చుని వెళ్లిపోతారండి. మేం వానాకాలమంతా ఇక్కడే ఉండాలి కదండీ."

ఆయన గొడుగు కిందనుంచి తప్పుకుని, ఆ వానలోనే పెంకుల కొట్టుకు నడిచారు. బాకీకి తాను పూచీ ఉంటానని చెప్పి, పెంకులు మళ్లీ బండికెత్తించారు. ఆ ముసలాయన ముఖం చూడలేక నేనూ నాలుగు పెంకులు మోశాను.

తిరిగొచ్చి, తడి చేతులతోనే ఫారం అడిగారు. పరిశీలకుని అభిప్రాయం అన్నచోట ఒత్తి ఒత్తి రాశారు: "పని మే నెలలోనే పూర్తయినది. నేను రాలేదు."