ప్రహ్లాద్ ఒక్కడే విన్న 'హాయ్'

షాలిబండలో ప్రహ్లాద్‌ది ఇత్తడి సామాన్ల దుకాణం. పగలంతా బిందెలూ గంగాళాలూ తూకం వేసే మనిషికి పొద్దు వాలగానే ప్రాణం డాబా మీదికి లాగేది. అక్కడి రేకుల గదిలో అతను సొంతంగా అమర్చుకున్న రేడియో సెట్టు ఉండేది. ఇంట్లోంచే దేశదేశాల వాళ్లతో మాట్లాడుకునేందుకు పరీక్ష రాసి సర్కారు లైసెన్సు కూడా సంపాదించాడు. ఆ పరీక్ష కోసం మోర్స్ సంకేతాలు నేర్పింది ఉప్పుగూడ ఇస్సాకు. టెలిగ్రాములు పంపే తార్ ఆఫీసులో పని అతనిది. చుక్కలూ గీతలూ లెక్కపెట్టొద్దని, పాటలా వినమని బల్ల మీద వేలితో టకటకా కొట్టి చూపించేవాడు. పరీక్ష అయిపోయాక కూడా రావడం మానలేదు. ఒకే హెడ్‌ఫోనును చెరో చెవికి ఆనించుకుని ఇద్దరూ కూర్చునేవారు.

1969 చివర్లో రేడియో మిత్రుల ద్వారా ఒక కబురు అందింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ యూనివర్సిటీ విద్యార్థులు చిన్న ఉపగ్రహం తయారుచేశారట. ఏరియల్‌కి కొలతలు తీసే స్టీలు టేపు ముక్కలు వాడారట. అమెరికా రాకెట్టులో ఓ మూల చోటిస్తే పైకి పోతుంది. బ్యాటరీ ఉన్నన్నాళ్లు మోర్స్‌లో 'హాయ్' అంటూ భూమి చుట్టూ తిరుగుతుంది.

"టేపు ముక్కలా!" ఇస్సాకు పడీ పడీ నవ్వాడు. "ఆ పోరగాండ్లకు ఎంత ధైర్యం భాయ్! మొదటిసారి మనిద్దరం కలిసే వినాలె. నేను లేకుండ సెట్టు పెట్టినవో, సూడు మరి!"

"నువ్వు లేంది నేనేం వింట? ఫికర్ చెయ్యకు" అన్నాడు ప్రహ్లాద్.

జనవరిలో, రాకెట్టు వదలడానికి ఇంకొన్నాళ్లుందనగా, ఏరియల్ సరిచేద్దామని ఇస్సాకు వచ్చాడు. ఆ రోజు ఇంట్లో వ్రతం. చుట్టాల మధ్య కూర్చున్న ప్రహ్లాద్ తండ్రి రామలింగయ్య, డాబా మెట్ల వైపు నడుస్తున్న ఇస్సాకును ఆపాడు.

"ఏంది, సీదా ఇంట్లకే వస్తున్నవు? పూజ నడుస్తున్నది. మీ అసుంటోళ్లు ఇటుకెళ్లి రావద్దు. వెనక గల్లీల నిచ్చెన ఏసుకొని ఎక్కు."

ప్రహ్లాద్ అక్కడే ఉన్నాడు, చేతిలో ఏరియల్ తీగతో. 'నా దోస్తు, బాపూ' అన్న మాట గొంతు దాకా వచ్చింది. అందరూ తననే చూస్తున్నారు. తల వంచుకుని తీగ చుట్టసాగాడు. ఇస్సాకు ఒక్క క్షణం ఆగి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఉపగ్రహం పైకి వెళ్లింది. ఒక సాయంత్రం హోరులోంచి సన్నగా వినిపించింది. నాలుగు చుక్కలు హెచ్, రెండు చుక్కలు ఐ. హాయ్! ప్రహ్లాద్ హెడ్‌ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. చెబుదామని పక్కకు తిరిగాడు. ఎవరూ లేరు.

రేపు ఉప్పుగూడ పోవాలనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక ఆగాడు. మర్నాడూ అంతే. శబ్దం రోజురోజుకూ నీరసించింది. అది పూర్తిగా ఆగిపోయాక గానీ కాళ్లు కదల్లేదు. తీరా వెళ్తే ఇంటికి తాళం.

"బదిలీ అడిగి మరీ కాజీపేట పోయిండు" అంది పక్కింటి ఆగమ్మ.

మళ్లీ కలిసింది 1981లో, నయాపూల్ బస్టాపు దగ్గర. జుట్టు నెరిసినా నడక చూసి గుర్తుపట్టి, పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు ప్రహ్లాద్.

"బాగున్నరా సేట్?" అన్నాడు ఇస్సాకు. పోయినేడే ఉప్పుగూడకు తిరిగొచ్చానని చెప్పాడు.

"ఆ రోజు బాపు అన్న మాట..."

"మీ బాపు అన్నదానికి నాకు బాధ లేదు. అసుంటి మాటలు మస్తు విన్న. మీరు తల వంచుకొని తీగ సుట్టుకుంట నిలబడ్డరు సూడుండ్రి, గదొక్కటే మనసుల నిలిచిపోయింది."

ప్రహ్లాద్ పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. "ఆ హాయ్... విన్నవా?" అన్నాడు.

"యాడ వింట? నాకు సెట్టేడిది?"

"ఇప్పుడు ఇంగ్లండుల యూనివర్సిటీవాళ్లు ఇంకోటి పంపిండ్రు. రా భాయ్, విందాం. ఇప్పుడు బాపు గూడ లేడు."

ఇస్సాకు మెల్లగా నవ్వాడు. "ఉంటే పిలువకపోదురా?"

బస్సు రాగానే ఇస్సాకు ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ప్రహ్లాద్ చాలాసార్లు ఉప్పుగూడ వెళ్లాడు. ఇస్సాకు భార్య లీలమ్మ చాయ్ ఇచ్చేది. ఇస్సాకు కుర్చీ వేసి, మర్యాదగా క్షేమసమాచారాలు అడిగేవాడు. షాలిబండకు మాత్రం ఎన్నడూ రాలేదు.