నోట్‌బుర్గా ఆఖరి పందెం

పదకొండేళ్లుగా స్కీ పందేనికి ముందు నోట్‌బుర్గా చేసే పని ఒక్కటే. ఆస్ట్రియాలోని టిరోల్ కొండమీద కళ్లు మూసుకుని నిలబడి, కింది ఊరిదాకా ఉన్న మంచుదారినంతా అరచేత్తో గాలిలో గీస్తుంది. మలుపు తిరిగినప్పుడల్లా మోకాళ్లూ వంగుతాయి. మూడుసార్లు ఛాంపియన్ అయినా కాఫీ కప్పు తనే కడుక్కుంటుంది. ఆమె ఆఖరి పందెం జరిగిన ఆదివారం, ఆమెకన్నా ముందు బయల్దేరిన ఇద్దరమ్మాయిలు ఒకే మిట్ట దగ్గర పడిపోయారు. హెలికాప్టర్ రెండుసార్లు వచ్చి వెళ్లింది. ఆమె స్కీలు బాగా జారేలా వాటికి మైనం పట్టించే తమ్ముడు కిలియాన్ కిందనుంచి వాకీటాకీలో, "అక్కా, ఇవాళ వద్దులేవే" అన్నాడు. "నోర్మూసుకోరా" అని ఆమె దూకింది.

సరిగ్గా ఆ మిట్ట దగ్గర, ముడుచుకుని ఉన్న ఆమె ఒళ్లు ఒక్క క్షణం నిటారుగా లేచింది. దాంతో వేగం తగ్గింది, నాలుగో టైటిల్ చేజారింది. కింద విలేఖరులు చుట్టుముట్టారు.

"గాలి అడ్డొచ్చిందా? మంచు మెత్తబడిందా?"

కిలియాన్ పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. "తప్పు నాదండీ. ఇవాళ మైనం కుదర్లేదు."

నోట్‌బుర్గా కళ్లద్దాలు పైకి తోసుకుని, తమ్ముణ్ణి మెల్లగా పక్కకు జరిపింది.

"వీడి మాట రాసుకోకండి. మైనం బ్రహ్మాండంగా ఉంది. భయపడింది నేను."