అడిగింది ఎంత, వాడింది ఎంత

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు తెరిచిన ఏడాది, జూన్‌లో, నన్ను నరసరావుపేటలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీకి సిస్టమ్స్ మేనేజర్‌గా వేశారు. ఉద్యోగంలో అదే నా ఆఖరి మజిలీ. అక్కడ ఎనిమిది సర్వర్లను కలిపి ఒకే యంత్రంలా నడిపేవాళ్లం. దాన్నే క్లస్టర్ అంటారు. ఎవరి పనికి ఎంత మెమరీ, ఏ సర్వర్‌లో ఇవ్వాలో తేల్చే ప్రోగ్రాం పేరు షెడ్యూలర్. అది ప్రతి పనినీ కంటెయినర్ అనే గదిలో పెడుతుంది. అడిగిన మెమరీ దాటిన పనిని మొహమాటం లేకుండా చంపేస్తుంది.

నేను చేరిన రెండో వారమే క్లస్టర్ చాలడం లేదని గోల మొదలైంది. కారంపూడి నుంచి వచ్చే రీసెర్చ్ స్కాలర్ నాగమణి, ఫోటోలు చూసి మిరపాకు తెగులును గుర్తుపట్టే పద్ధతి మీద థీసిస్ రాస్తోంది. ఆమె పని నాలుగు రోజులుగా క్యూలోనే ఉంది. సోమవారానికి ఫలితాలు ఇవ్వకపోతే థీసిస్ గడువు దాటిపోతుంది. అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. సివిల్ ప్రొఫెసర్‌గారు సర్వర్లన్నీ ఆక్రమించారని ఆమె ఫిర్యాదు.

రికార్డులు తీసి చూస్తే నాకు నవ్వాగలేదు. కాగితం మీద క్లస్టర్ నిండుగా ఉంది. నిజంగా వాడుతున్నది అందులో పావు వంతే. ప్రొఫెసర్‌గారు అవసరానికి మించి అడిగిన సంగతి సరే, నాగమణి కూడా తక్కువ తినలేదు. పాత రికార్డు ప్రకారం పదహారు జీబీ సరిపోయే పనికి అరవై నాలుగు అడిగింది. ఎందుకమ్మా అంత అన్నాను.

"మాది కాలవ చివర పొలం సార్. ఒక తడి నీళ్లు కావాలంటే నాలుగు తడులు అడగాల. కోసి కోసి ఒకటిస్తారు. ఇక్కడ కొయ్యరని నాకేం తెలుసు?"

మనుషులు బేరమాడి కోస్తారు. షెడ్యూలర్‌కు బేరం తెలియదు. అడిగిందంతా నమ్మి పక్కన పెట్టేస్తుంది.

ఆమెది ఇరవైకి తగ్గించినా ఎక్కడా చోటు లేదు. ప్రొఫెసర్‌గారిది కొయ్యాల్సిందే. ఆయన పని తొమ్మిది రోజులుగా నడుస్తోంది. నా కొలత తప్పితే అది చచ్చి, తొమ్మిది రోజులూ బూడిదలో పోసినట్టే. సగటు వాడకం చూసి కోస్తే ప్రమాదం. ఏ నిమిషంలో అత్యధికంగా వాడిందో చూసి, దాని మీద పావు వంతు కలిపాను. ఆ కాగితం తీసుకుని ఆయన గదికి వెళ్లాను.

ఆయన అందులోని అంకెలు ఒక్కొక్కటీ సరిచూశారు. "ఆగిందంటే మాత్రం ఊరుకోను, ముందే చెప్తున్నా."

ఆగితే బాధ్యత నాదని రాసిచ్చి, పరిమితి తగ్గించాను. ఆయన పని తడబడలేదు. శుక్రవారం మధ్యాహ్నం నాగమణి పని మొదలై ఆదివారం సాయంత్రానికి ముగిసింది. గర్వంగానే చెబుతున్నాను, ఒక్క కొత్త మెషిన్ కొనకుండా ఆ క్యూ ఖాళీ చేశాను. ఆ తర్వాత ప్రతివారం ఎవరు ఎంత అడిగారో, ఎంత వాడారో నోటీసు బోర్డులో పెట్టాం. అడగడాలు వాటంతటవే తగ్గాయి.

చాలడం లేదని ఎవరైనా అంటే, ముందు వాడకం చూడాలి. నేను నేర్చుకున్నది ఇదే. అయినా చెప్పేటందుకే నీతులు. రిటైరై మాచర్ల వెళ్లేటప్పుడు సామానుకు పెద్ద లారీ మాట్లాడాను. అప్పటికి అదే కాలేజీలో లెక్చరర్ అయిన నాగమణి సాగనంపడానికి వచ్చి, లారీలో సగం ఖాళీ చూసింది.

"మీరెన్ని తడులు అడిగారు సార్?" అంది.